పొట్టి వేరు, గిడసబారడం వేరు

మా గేటు ముందు ఆగేవాళ్లు ఆవు పేరు అడగరు. "ఇంతే ఉంటదా, ఇంకా పెరుగుతదా?" అని అడుగుతారు. పెరగదంటే మొహాలు విప్పారతాయి. పెరుగుతుందంటే మాత్రం ఎవరో మమ్మల్ని ముంచేశారన్నట్టు జాలిగా చూసి వెళ్తారు. అయిదు నెలలుగా ఈ తంతు చూస్తున్నాను. ఒక పసిప్రాణం పెరుగుతోందని చెప్తే ఇంతమంది బాధపడటం నా ఎరుకలో ఇదే మొదటిసారి.

మాది నాచారంలో హెచ్‌ఎంటీ నగర్. నూట ఎనభై గజాల ఇల్లు, కింద కారు నిలిపే జాగా. మాఘమాసంలో ఒక తెల్లవారుజామున మా అబ్బాయి ఆ జాగాలోంచి కారు తీసి బజార్లో పెట్టి, ఒక చిన్న ట్రక్కులోంచి పుంగనూరు పెయ్యను దింపించాడు. నాతో ముందు ఒక్క మాట కూడా అనలేదు. ఎంతకు కొన్నావురా అంటే నాకొక ధర చెప్పాడు, కోడలికి ఇంకొకటి చెప్పాడు. అసలు ధర ఆ రెండింటికీ పైనే ఉంటుందని నా అనుమానం. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తన ఇంటి ఆవరణలో పుంగనూరు ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చినప్పటి నుంచీ వాడి మనసు దీనిమీదే ఉంది. ఫోన్లో రీళ్లన్నీ పట్టుపరుపు మీద కూర్చున్న ఆవులవే.

అమ్మినాయన చెప్పినవి మూడు ముక్కలు. దీనికి మూడేళ్లు. ఎత్తు ఇరవై తొమ్మిది అంగుళాలు. ఇక ఒక్క అంగుళం కూడా పెరగదు, కావాలంటే రాసిస్తాను. ఆయన రాసివ్వలేదు, మావాడూ అడగలేదు. ఆయన పేరు, ఊరు నాకిక్కడ అవసరం లేదు. అలాంటివాళ్లు ఒక్కరే ఉంటే ఈ వ్యాసం రాసేదాన్నే కాదు.

నేను పుట్టింది భువనగిరి దగ్గరి పల్లెలో. ఇంట్లో నాలుగైదు ఎడ్లు, రెండు ఆవులు ఎప్పుడూ ఉండేవి. అందుకని ఇంటిల్లిపాదీ ఫొటోలు దిగుతుంటే నేను ఒక పక్కగా కూర్చుని దాని దవడ చూస్తున్నాను. దవడ కదలడం లేదు. అయిదు వందల కిలోమీటర్లకు పైగా నిలబడి వచ్చిన పశువు వెంటనే నెమరు వెయ్యదు, అది నాకూ తెలుసు. మధ్యాహ్నమైనా వెయ్యలేదు. కాసిన్ని నీళ్లు తాగింది. మూలన నిలబడింది గాని పడుకోలేదు. ఎందుకు పడుకోదో సాయంత్రానికి అర్థమైంది. కింద పరిచినవి నున్నటి టైల్సు. లేచేటప్పుడు గిట్టలు జారతాయని దానికి మనకంటే ముందే తెలిసింది. నాలుగు గోనెసంచులు పరిస్తే పావుగంటలో కూలబడి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచి నెమరు మొదలుపెట్టింది. తర్వాత రబ్బరు చాప తెచ్చాం. మొదటి జబ్బు పశువుది కాదు, టైల్సుది.

రెండోది ఇంకా నవ్వులాట. ముక్కు కారుతోంది, దగ్గుతోంది అని మా మనవడు రాత్రి పూట థర్మామీటరు పట్టుకొచ్చాడు. తోక కింద పెట్టి చూస్తే 102. ఇంకేముంది, మావాడు అర్ధరాత్రి నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు బండి మాట్లాడుతున్నాడు. ఆగరా, తెల్లారనీ అన్నాను. పొద్దున వచ్చిన డాక్టరుగారు ముందు పెయ్యను కాదు, మా వాణ్ని చూసి నవ్వారు. పశువుకు 101 నుంచి 102న్నర దాకా మామూలే. మనిషి లెక్క దానికి పనికిరాదు. ముక్కు కారడం, పొడిదగ్గు ప్రయాణపు బడలిక. మేత తింటూ, నెమరు వేస్తూ ఉంటే రెండు మూడు రోజులు చూడండి, ఊపిరి ఎగబీలిస్తే, మేత ముట్టకపోతే పిలవండి అన్నారు. నాలుగో రోజుకు దగ్గు తగ్గింది. మా వైపు కొన్ని రాత్రులు పారిశ్రామికవాడ దిక్కు నుంచి వచ్చే ఘాటు వాసనకు నేనే దగ్గుతాను, దాన్నేమనగలం.

ఇక పారుడు. మూడో రోజు పేడ గట్టిగా పడలేదు, నీళ్లలా జారింది. తప్పు మాదే. అక్కడ ఏం తినేదో అడగలేదు, ఇక్కడ పచ్చగడ్డి మోపు తెచ్చి ముందు పడేశాం. ఉప్పల్ వైపు పచ్చగడ్డి అంటే ఏమిటో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. పీర్జాదిగూడ దాటితే మూసీ ఒడ్డున ఏడాది పొడవునా కోతకొచ్చే గడ్డి. నగరం వదిలిన మురుగే దానికి నీరూ ఎరువూ. ఎండాకాలంలోనూ కళకళలాడే ఆ పచ్చదనం చూస్తే ఎవరికైనా మోజు పుడుతుంది. అయితే నీళ్లలో నిలబడి పెరిగే గడ్డి మొదట్లో నత్తలుంటాయి, నత్తలున్నచోట కార్జపు జలగ ఉంటుంది. ఆ పురుగు గడ్డి కాడకు అంటుకుని పశువు కడుపులోకి పోయి కార్జాన్ని తొలుస్తుంది. గడ్డి తెచ్చే అతనితో గట్టిగా చెప్పాను, మొదలంటా కొయ్యకు, పైభాగమే కోసి తే అని. "అమ్మా, గట్ల కోస్తే కట్ట కాదు" అన్నాడు. కట్టకు పది రూపాయలు ఎక్కువిస్తానన్నాక అయింది. దాంతోపాటు జొన్నచొప్ప మొదలుపెట్టాం. పది రోజులు పట్టింది కొత్త మేతకు పొట్ట అలవాటు పడటానికి. అదే పది రోజులు మొదటినుంచీ ఇచ్చి ఉంటే పారుడే ఉండేది కాదు.

చెవుల వెనక, తోక మొదట్లో గోమార్లు. కంటి పక్కన రూపాయి బిళ్లంత గుండ్రంగా వెంట్రుకలు రాలిన మచ్చ. అది తామర. మందు రాశాం, కొన్ని వారాల్లో మళ్లీ వెంట్రుక వచ్చింది. కాని తామర మనిషికీ అంటుతుంది, మా మనవడేమో పొద్దస్తమానం దాని మెడ కౌగిలించుకుని ఫొటోలు. వాడి ముంజేతికి కూడా అలాంటి చక్రమే వచ్చాక గానీ మా కోడలు నా మాట వినలేదు. ఒక పొద్దున వీపు మీద గడ్డలు గడ్డలుగా లేచాయి. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేలకు వేల పశువులను తీసుకుపోయిన లంపీ చర్మవ్యాధి గుర్తొచ్చి నా గుండె జారింది. జ్వరం లేదు, మేత తింటోంది, మధ్యాహ్నానికి గడ్డలు దిగిపోయాయి. దోమలు. నాచారం చెరువు, ఉప్పల్ నల్లచెరువు చుట్టుపక్కల దోమలకు పొట్టి ఆవు, పెద్ద ఆవు అనే పట్టింపు లేదు. ఇప్పుడు దానికి దోమతెర ఉంది. మాకు ఫ్యాను.

ఇవన్నీ చిన్నవే. వీటిలో ఒక్కటీ నన్ను రాత్రి నిద్రలేపలేదు. నన్ను లేపింది దాని పొట్ట.

రెండు పక్కలా డప్పులా ఉబ్బిన పొట్ట, దాని మీద తేలిన వీపు ఎముక, నూనె లేని జుట్టులా గరుకుగా నిలబడిన వెంట్రుక. వచ్చినవాళ్లంతా "ఎంత ముద్దుగుంది బొజ్జ" అంటున్నారు. నేను ఆ బొజ్జను ముప్పై అయిదేళ్లు చూశాను. ఆవుల్లో కాదు, పిల్లల్లో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో నా ఉద్యోగం. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. 1972 నుంచి అది నడిపిన పోషకాహార సర్వేల కోసం నేను తిరగని జిల్లా లేదు. భుజాన సాల్టర్ త్రాసు, చేతిలో కొలత కర్ర. పిల్లవాణ్ని గుడ్డ ఊయలలా తొడిగి త్రాసుకు వేలాడదీస్తే, వాడు ఏడుస్తుంటే, ముల్లు నిలిచేదాకా ఆగి రాసుకోవాలి.

బరువు, ఎత్తు తియ్యడం కష్టమేం కాదు. కష్టమల్లా వయసు దగ్గరే. చాలామంది తల్లులకు తేదీ తెలిసేది కాదు. "మొన్నటి వానలకు కడుపులున్నడు", "బతుకమ్మ పండుగకు ముందు పుట్టిండు", "తుఫాను వచ్చిన ఏడు". ఆ మాటల్ని పట్టుకుని, ఊళ్లో జరిగిన సంగతులన్నీ రాసిపెట్టుకున్న పట్టికతో సరిచూసి నెల తేల్చేవాళ్లం. వయసు తేలకుండా ఎత్తు రాస్తే మా పైఅధికారి ఆ కాగితం వెనక్కి విసిరేసేవాడు. రెండేళ్ల పిల్లకు ఆ ఎత్తు బాగుంటుంది, నాలుగేళ్ల పిల్లకు అదే ఎత్తు అయితే గిడసబారినట్టు. చూడ్డానికి ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఊళ్లోవాళ్లు కూడా "మా వంశమే పొట్టి సార్" అనేవాళ్లు. నిజంగా పొట్టి వంశాలూ ఉంటాయి. కాని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లే. ముగ్గురిలో ఒకరి వంశం పొట్టిదంటే నమ్మడం ఎలా?

అందుకే పెయ్య విషయంలో నా ప్రశ్న ఎత్తు గురించి కాదు. దీనికి నిజంగా ఎన్నేళ్లు?

డాక్టరుగారు కింది పెదవి తీసి చూపించారు. ముందు ఎనిమిదీ పాలపళ్లే, చిన్నవి, తెల్లటివి. రెండేళ్లు దాటితే గాని నడిమి రెండు పాలపళ్లూ ఊడి వెడల్పాటి పళ్లు రావు. మూడేళ్ల పశువైతే అవి ఎప్పుడో వచ్చి పక్కవాటి వంతు కూడా నడుస్తుండాలి. "అమ్మా, ఇది ఏడాది, ఏడాదిన్నర లోపు పెయ్య. ఇంకా పెరుగుతది" అన్నారు. మావాడి మొహం చూడాలి. నేను మాత్రం ఊపిరి పీల్చుకున్నాను. మూడేళ్ల ఆవు ఎనభై కిలోలుంటే భయపడాలి. ఏడాది పెయ్యకు ఎనభై అంటే ఫరవాలేదు, దారిలో పెట్టుకోవచ్చు.

ఎనభై అని ఎలా తెలిసిందంటే, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి దాన్ని దానితోనే గుణించాలి. భుజం కొన నుంచి తుంటి ఎముక దాకా పొడవుతో మళ్లీ గుణించి 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. కుట్టుపని టేపు చాలు. మాదానికి చుట్టుకొలత నలభై, పొడవు ముప్పై మూడు. ఏలికపాముల మందు ఈ బరువును బట్టే పొయ్యాలి. ఇక్కడే ఈ చిన్న జాతితో చిక్కు. పొట్టిగా ఉంది కదా అని లేగదూడ మోతాదు పోస్తే పురుగు చావదు. మూడేళ్లదన్న మాట నమ్మి పెద్దావు మోతాదు పోస్తే పశువుకు ముప్పు. పేడ పరీక్ష చేయిస్తే పురుగుల గుడ్లు కుప్పలుగా కనిపించాయి. లెక్క ప్రకారం మందు పడింది, కొన్నాళ్లకు మరోసారి పడింది. బొజ్జ తగ్గింది. ముద్దు తగ్గిందని ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. ఈ ఆవు పెరుగుతోందని తెలిశాక మావాడికి ఒక సలహా వచ్చింది. దాణా మానెయ్, మేత సగం చెయ్, సైజు నిలిచిపోతది. చెప్పినవాడు దుర్మార్గుడేం కాదు, ఇలాంటి ఆవులే పెంచుకుంటున్న మంచి మనిషి. ఆ సలహా విన్నప్పుడు నాకు వచ్చినంత కోపం ఈ మధ్య దేనికీ రాలేదు. మామూలు దూడ పెరగడం ఆగిపోతే రైతు తెల్లారేసరికి కనిపెడతాడు, డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాడు. మరుగుజ్జు ఆవు పెరగడం ఆగిపోతే చప్పట్లు కొడుతున్నాం. పురుగులున్నా, పాలు చాలకపోయినా, రక్తం లేకపోయినా, ఆ జబ్బులన్నీ 'అచ్చమైన జాతి' అనే పేరు కింద దాక్కుంటున్నాయి. ధర కూడా ఎత్తు తగ్గేకొద్దీ పెరుగుతోంది. అంటే ఆకలితో మాడ్చిన దూడకు మేపిన దూడకంటే ఎక్కువ డబ్బు. సంతలో ఇలాంటి లెక్క నేనెన్నడూ వినలేదు.

పుంగనూరు ఆవు దానంతట అదే పొట్టిది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుంగనూరు జమీందారుల కాలం నుంచీ కరువు మేత తిని బతకడం నేర్చిన జాతి. వెడల్పాటి నుదురు, చిన్న కొమ్ములు, నేలను తాకే తోక. ఎదిగిన ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోల దాకా అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ తొంభై కూడా పుంగనూరే, ఎవరూ దాన్ని తక్కువ జాతి అనలేదు. అంతరించిపోతున్న దశలో పలమనేరు పశు పరిశోధనా కేంద్రం దీన్ని పట్టి నిలిపింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మిషన్ పుంగనూరు' పేరుతో దాదాపు 69 కోట్లు కేటాయించింది. అన్నేళ్ల పని జాతిని బతికించడానికి జరిగింది. అంగుళాలు కోసి చిన్నది చేసే పోటీకి కాదు.

ఆ పోటీ ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి బంగ్లాదేశ్ రాణి చాలు. ఢాకా దగ్గరి ఒక ఫారంలో ఉన్న ఆ ఆవు ఎత్తు 50.8 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు. అంతకుముందు గిన్నిస్ రికార్డు కేరళ వెచ్చూరు ఆవు మాణిక్యానిది, 61.1 సెంటీమీటర్లు. 2021లో రాణిని చూడటానికి జనం తిరునాళ్లకొచ్చినట్టు వచ్చారు. ఆ ఆగస్టులోనే కడుపుబ్బి చచ్చిపోయింది, దానికి రెండేళ్లు. రికార్డు ఆ తర్వాత వచ్చింది, అదీ పొట్టిగా ఉంచడానికి ఇంజెక్షన్లు ఇవ్వలేదని శవపరీక్షలో తేలాకే. ఇవ్వలేదు, సంతోషం. కాని అసలు ఆ అనుమానం రావడమే నన్ను కలవరపెట్టింది.

కడుపుబ్బరం మాట వచ్చింది కనుక ఒకటి. శుక్రవారం మా గేటు దగ్గర వరుస ఉంటుంది. అరటిపళ్లు, బెల్లం, రాత్రి మిగిలిన అన్నం, చపాతీలు. పుణ్యం అందరికీ, అరగాల్సింది దానికి. ఎనభై కిలోల పశువు పొట్టలో కిలోల కొద్దీ అన్నం పడితే పులిసి ప్రాణం మీదకు వస్తుంది. "దయచేసి ఏమీ పెట్టవద్దు" అని బోర్డు పెట్టించాను. వెనక వీధి పెద్దావిడ ఒకామె నాతో మాట్లాడటం మానేసింది. గడ్డి తెచ్చి పెట్టండి అక్కయ్యా అని కబురు చేశాను, ఇంకా జవాబు లేదు.

ఇప్పుడు కాగితం సంగతి. మా పెయ్య చెవికి పసుపు బిళ్ల లేదు. పన్నెండంకెల సంఖ్య ఉండే ఆ బిళ్ల దేశంలో ఊరూరా పశువులకు వేస్తున్నారు. దాన్నిబట్టే ఏ టీకా ఎప్పుడు పడిందో తెలుస్తుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో గాలికుంటు టీకా ఏటా రెండుసార్లు, ఆడదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒకేసారి బ్రుసెల్లా టీకా. ఆ రెండోది పడిందో లేదో మాకు ఎన్నటికీ తెలియదు, దాని వయసు దాటిపోయింది. బ్రుసెల్లా పాల ద్వారా మనుషులకూ వస్తుంది. లక్షలు పోసి కొన్న పెయ్యకు పది రూపాయల బిళ్ల ఎందుకు లేదంటే, ఫొటోలో బాగుండదని తీసేశామన్నాడట అమ్మినాయన. మా డాక్టరుగారు కొత్త బిళ్ల వేశారు, గాలికుంటు టీకా మొదటి నుంచి మొదలైంది. చెవి కొంచెం వాచి రెండు రోజుల్లో తగ్గింది.

కొనవద్దని నేను చెప్పను. మా ఇంట్లో ఇప్పుడు అది లేకపోతే నాకే తోచదు. కాని కొనేవాళ్లు ఎత్తు టేపు పక్కన పెట్టి ముందు నోరు తెరిచి పళ్లు చూడండి. తల్లిని చూపించమనండి, తల్లి ఎత్తు చెప్తుంది ఇది ఎంత అవుతుందో. చెవి బిళ్ల అంకె లేకుండా బయానా ఇవ్వకండి. ఇక ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా పెద్దదేం కాదు. వయసు, బరువు, టీకాలు రాసిన పశువైద్యుడి కాగితం లేకుండా 'మినియేచర్' అనే మాటతో పశువును అమ్మకూడదు, అంతే. సెల్‌ఫోనుకు రశీదు ఇస్తున్నారు, ప్రాణానికి ఇవ్వలేరా? నగరంలో పశువుల డాక్టర్ల సంగతి కూడా ఆలోచించాలి. మా చుట్టుపక్కల కుక్కలకు క్లినిక్కులు వీధికొకటి ఉన్నాయి, ఆవు ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి పొట్ట కదలిక చూడగలిగిన చెయ్యి కోసం మాత్రం రెండు రోజులు ఫోన్లు చేశాం. నిమిషానికి ఒకటి రెండుసార్లు ఆ పొట్ట లోపల అల కదలాలి. ఆ అల ఇప్పుడు నా చేతికి బాగా తెలుసు.

మా మనవడు ఏడాదికోసారి స్తంభం మీద పెన్సిల్‌తో తన ఎత్తు గీసుకుంటాడు. ఆ గీతల పక్కనే పెయ్య గీతలు కూడా గీస్తున్నాను, నెలకొకటి. వచ్చినప్పుడు ఇరవై తొమ్మిది అంగుళాలు, ఇప్పుడు ముప్పై ఒకటిన్నర. చుట్టుకొలత నలభై అయిదు, పొడవు ముప్పై ఆరు, లెక్కకడితే నూటపది కిలోలు. వెంట్రుక నిగనిగలాడుతోంది. ఈ ఆదివారం మళ్లీ కొలవాలి. మూడు రోజులుగా వెతుకుతున్నాను, టేపు కనిపించడం లేదు. మావాడినడిగితే తనకేం తెలియదంటాడు.